ఒక్క బిందువుపై నిలిచిన ప్రవాహ లెక్క: వేగ విన్యాస నమూనాలపై ఒక పరిశీలన

కాలువలో నీటి వేగం అడుగు నుంచి ఉపరితలం దాకా ఒకే తీరున ఉండదు. అడుగును తాకే పొర దాదాపు కదలదు. పైకి పోయేకొద్దీ వేగం మొదట త్వరగా, తరువాత నెమ్మదిగా పెరుగుతుంది. ఈ పెరుగుదలను వివరించే సంవర్గమాన సూత్రం ప్రాంట్ల్, వాన్ కార్మాన్‌ల సిద్ధాంతాల నుంచి వచ్చింది. దాని గరుకుదన స్థిరాంకాలకు నికురాడ్సే 1933లో ప్రచురించిన ప్రయోగాలు ఆధారం. 1938లో క్యూలెగన్ దానిని తెరచిన కాలువలకు అన్వయించాడు. నికురాడ్సే వాడినవి లోపల ఇసుక రేణువులు అంటించిన గుండ్రని గొట్టాలు. నీటికి పైన గాలి తగిలే ఉపరితలం అనేది వాటిలో లేనే లేదు.

క్షేత్రంలో కరెంట్ మీటరును ఉపరితలం నుంచి 0.6 లోతున దించి, అక్కడి వేగాన్నే సగటుగా తీసుకోవడం వాడుక. దీనిని అనుభవం నేర్పిన నియమంగా బోధిస్తుంటారు. అయితే సంవర్గమాన సూత్రం ప్రకారం సగటు వేగం కనిపించే చోటు ఉపరితలం నుంచి 0.632 లోతు, ఏడో మూలపు ఘాత సూత్రం ప్రకారం 0.607. అంటే నియమంలోనే నమూనా దాగి ఉంది. ఆ ఒక్క బిందువు వద్ద తీసిన కొలతలతో అదే నమూనాను సమర్థించే పరిశోధనలు చక్రంలో తిరిగినట్లే. 0.2, 0.8 లోతుల వద్ద రెండు కొలతలు తీసే పద్ధతి కొంత మేలు. సగటు వేగం ఘర్షణ వేగానికి 15 రెట్లున్న ప్రవాహంలో సంవర్గమాన సూత్రంతో దాని తేడా ఒకటిన్నర శాతానికి మించదు. విన్యాసం వంకర తిరిగితే ఆ సంగతి ఈ పద్ధతిలో కొంతైనా బయటపడుతుంది. ఒక్క బిందువు పద్ధతిలో అసలు బయటపడదు.

మద్నూర్ ప్రాంతంలో ఇది పుస్తకాల వివాదం కాదు. నిజాంసాగర్ దిగువన మంజీర ఇసుక పడక మీద వెడల్పుగా, పలచగా పారుతుంది. ఇసుక తీసిన గుంతలున్న చోట ఏకరీతి ప్రవాహమన్న ఊహ నిలవదు. గుంత అడుగున నీరు వెనక్కి తిరగవచ్చు కూడా. నాందేడ్ జిల్లాలో తలపెట్టిన లెండి అంతర్రాష్ట్ర ప్రాజెక్టు నీరు మద్నూర్, బిచ్కుంద మండలాలకు ఉద్దేశించినది. రెండు రాష్ట్రాలు పంచుకునే నీటికి కొలత ఎలా తీశారన్న ప్రశ్న నేరుగా వాటాకే తగులుతుంది.

పిల్ల కాలువల్లో చిక్కు ఇంకా ఎక్కువ. 2 మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల నీరు ఉన్న కాలువను తీసుకుంటే వెడల్పు–లోతుల నిష్పత్తి 5 కంటే తక్కువ. ఇటువంటి చోట ద్వితీయ ప్రవాహాలు గట్ల వద్ద ఉన్న మందమైన నీటిని మధ్య ఉపరితలానికి తెస్తాయి, గరిష్ఠ వేగం ఉపరితలం కిందికి దిగుతుంది. అప్పుడు బెండు ముక్క వేసి, దాని వేగాన్ని 0.85తో గుణించే లెక్క అసలు కంటే తక్కువ చూపే వైపు మొగ్గుతుంది. అదే కాలువలో తుంగ, నాచు పెరిగితే పై పొర వేగంగా, కింది పొర మందంగా ఉండి లెక్క ఎక్కువ వైపు పోతుంది. మీటరు దించే 0.6 లోతు ఇక్కడ అడుగు నుంచి 24 సెంటీమీటర్లు. కలుపు ఎత్తు 25 సెంటీమీటర్లయితే మీటరు సరిగ్గా ఆకుల చివర్ల మధ్య తిరుగుతుంది. తప్పు ఏ వైపుదో ఒక్క కొలత చెప్పలేదు. చివరి ఆయకట్టు రైతు "నీళ్లు రాలేదు" అంటే, "రికార్డులో ఉన్నాయి" అన్న సమాధానం రావడానికి ఇంతకంటే పెద్ద కుట్ర అక్కర్లేదు.

1980వ దశకంలో చియు ప్రతిపాదించిన ఎంట్రోపీ నమూనా గరిష్ఠ వేగం ఉపరితలం కింద ఉండే స్థితిని సహజంగానే ఇముడ్చుకుంటుంది. సగటు, గరిష్ఠ వేగాల నిష్పత్తి ఒక అడ్డుకోతకు స్థిరమన్నది దాని బలం. ఆ స్థిరాంకం రాబట్టాలంటే ముందుగా అదే చోట పూర్తి విన్యాసాలు కొలవాలి. ఇసుక పడక ఏటా మారే మంజీర వంటి నదిలో పాత స్థిరాంకం ఎంతకాలం చెల్లుతుందో ఆ నమూనా చెప్పదు.

డాప్లర్ ధ్వని పరికరాలు వచ్చాక ఈ చర్చ ముగిసిందన్న భావన ఉంది. అవి ఉపరితలానికీ అడుగుకూ ఆనుకున్న పొరలను కొలవలేవు. ఆ ఖాళీలను వాటి సాఫ్ట్‌వేరు సాధారణంగా ఆరో మూలపు ఘాత సూత్రంతో పూరిస్తుంది. 60 సెంటీమీటర్ల నీటిలో అలా పూరించిన భాగం కొలిచిన భాగానికి ఏమంత చిన్నది కాదు.