ఉల్లి వేరులో పదహారు

జన్యుశాస్త్రంలో ప్రాజెక్టు ఏం చేయమంటారని ఏ విద్యార్థి అడిగినా నా జవాబు ఒకటే: ఉల్లి వేరు స్క్వాష్ చెయ్యి, అంటే వేరు కొనను నొక్కి కణాలను పలచగా పరుచు. ఇంత తక్కువ ఖర్చుతో క్రోమోజోములను కంటికి చూపించే ప్రయోగం నాకు తెలిసి మరొకటి లేదు.

పని వంటింట్లోనే మొదలవుతుంది. ఉల్లిపాయ అడుగున ఎండిన పాత వేళ్లను బ్లేడుతో గీకేసి, అడుగు మాత్రమే నీటికి తగిలేలా గ్లాసు మూతి మీద కూర్చోబెట్టాలి. నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. ఉదయం పూట సెంటీమీటరు మేర కొనలు కత్తిరించి, మూడు పాళ్ల ఆల్కహాలుకు ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచాలి. ఏ కణం విభజనలో ఏ దశలో ఉందో అక్కడే ఆగిపోతుంది.

అసలు పనితనం ఆ తర్వాతే. వాచ్ గ్లాసులో అసిటోకార్మిన్ రంగు పోసి, కొన్ని చుక్కల పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, వేరు కొనలను అందులో వేసి స్పిరిట్ దీపం మీద వెచ్చబెట్టాలి. మరగనివ్వకూడదు. కణాలను ఒకదానికొకటి అంటించే బంక వదులవుతుంది, కొన ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఎర్రబడిన ఆ రెండు మిల్లీమీటర్ల కొనే మనకు కావాలి, మిగతాది కోసి పారేయాలి. 45 శాతం ఎసిటిక్ ఆమ్లం చుక్కలో దాన్ని ఉంచి, కవర్ స్లిప్ వేసి, పెన్సిల్ వెనక కొసతో నెమ్మదిగా తట్టాలి. ఆపైన బ్లాటింగ్ కాగితం పరిచి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, కణాలు ఒకదాని మీదకొకటి దొర్లి చుట్టలు చుట్టుకుపోతాయి. చేయి తిరిగినవాళ్ల స్లైడు చూడాలి! కణాలన్నీ ఒకే పొరగా పరుచుకుని ఉంటాయి. విభజనలో మెటాఫేజ్ దశలో ఉండి, క్రోమోజోములు బాగా విడివడిన కణం దొరికితే పదహారు క్రోమోజోములూ ఒక్కొక్కటిగా లెక్కకు వస్తాయి.

ఈ విద్యలో ఆరితేరినవాడు స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ లెవాన్. కాల్చిసిన్ అనే మందు ఉల్లి వేరులో క్రోమోజోములను ఏం చేస్తుందో 1938లోనే వివరించాడు. లుండ్‌లోని ఆయన ప్రయోగశాలలోనే 1955 డిసెంబరులో, జావాలో పుట్టిన జో హిన్ చియో మనిషి కణాలను స్క్వాష్ చేసి క్రోమోజోములు లెక్కపెట్టాడు. 46 వచ్చాయి! అప్పటికి మూడు దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాలు 48 అని చెబుతున్నాయి. చియో కూడా మొక్కల కణాలతో చేయి తిరిగినవాడే. మనిషి జన్యుశాస్త్రానికి మొక్కల స్లైడుల దగ్గర చేసిన సాధన ఎంత ఉపకారం చేసిందో ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

ఇక మన సైన్స్ ఫెయిర్లకు వెళ్లి చూడండి. థర్మోకోల్ డీఎన్ఏ నిచ్చెనలు, చుట్టూ రంగురంగుల దీపాలు! అవి దుకాణంలో కొని తెచ్చినవి. చాలావాటికి మెలిక కూడా తప్పే. మన కణాల్లో సాధారణంగా ఉండే డీఎన్ఏ కుడివైపు తిరుగుతుంది, ఆ బొమ్మలు ఎడమవైపు తిరిగి ఉంటాయి. వాటికి బహుమతులిస్తుంటే ఒళ్లు మండిపోతుంది. అరటిపండు పిసికి, సబ్బునీళ్లు, ఉప్పు, ఆల్కహాలు పోసి డీఎన్ఏ తీశామనేవాళ్లూ ఉన్నారు. పైకి తేలిన ఆ తెల్లటి తీగల్లో పండులోని పెక్టిన్ కూడా ఉంటుందని ఎంతమంది పిల్లలకు చెబుతున్నారు? ఇంటర్ రికార్డుల్లో మైటాసిస్ (కణ విభజన) బొమ్మలు పాత రికార్డుల నుంచి దించినవే. మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డ తీయకుండానే ఏడాది గడిచిపోతున్న కాలేజీలున్నాయి. ఇది పిల్లల తప్పు కాదు.

ప్రాజెక్టుకు ప్రశ్న కావాలి. అదీ ఉల్లి దగ్గరే ఉంది. ఒక గ్లాసులో కుళాయి నీళ్లు, మరో గ్లాసులో ఊరి మురుగుకాలువ నీళ్లు పోయండి. కాలువ నీళ్లు ముట్టుకునేటప్పుడు చేతికి గ్లవుజులు మరవద్దు. వేళ్ల పొడవు కొలవండి. స్లైడులు చేసి, ఒక్కోదాంట్లో వెయ్యి కణాలు లెక్కపెట్టి, వందకు ఎన్ని విభజనలో ఉన్నాయో పోల్చండి. ముక్కలైన, వెనకబడిపోయిన క్రోమోజోములను విడిగా రాసుకోండి. నీటి విషాన్ని తేల్చే ఈ పరీక్షను శాస్త్రజ్ఞులు నేటికీ వాడుతున్నారు.

జీవశాస్త్రం చెప్పే మాస్టార్లకూ, టీచరమ్మలకూ ఒక్క విన్నపం. ఈసారి ప్రాజెక్టుకు మార్కులు వేసేముందు, పిల్లలు తమ చేత్తో చేసిన స్లైడు ఒక్కటి చూపించమని అడగండి. అది లేకపోతే, థర్మోకోల్ ఎంత మెరిసినా, మార్కులు వేయకండి.