మోకు, బెల్టు, కులం

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ’ కిట్లు పంచడం మొదలుపెట్టారు. మంచి పనే. ఆ మాట ముందే చెప్పి విమర్శలోకి దిగుతాం.

మా సిరికొండ వైపు తాడెక్కే గౌడన్నకు ఇంతకాలం ఉన్నదల్లా మోకు, ముస్తాదు, కాళ్లకు గుజి. మోకు నడుమునూ చెట్టునూ చుట్టి ఉంటుంది. మనిషి వెనక్కి ఒరిగి బరువేసినంతసేపే దాని పట్టు. కాలు జారి బరువు తప్పిందా, మోకు వదులై మనిషితోపాటే కిందికొస్తది. అంటే అది ఎక్కే సాధనం, పడకుండా ఆపే సాధనం కాదు. కొత్త కిట్టు పని ఆపడమే. ఒంటికి బిగించిన బెల్టు, చెట్టును బిగబట్టే తాడు, కాలు జారినా మనిషి చెట్టుకే వేలాడాలి. కాని తాడిచెట్టుకు పైన కొక్కెం తగిలించే చోటుండదు, ఎక్కినకొద్దీ తాడును జరుపుకోవాల్సిందే. పొద్దున, మాపు చెట్టు వెంట చెట్టు ఎక్కేవాడికి ఆ కాస్త ఆలస్యమూ లెక్కే. ఒక్కసారి శిక్షణతో ఒడిసే పని కాదిది. వాడినోళ్ల మాట విని కిట్టును మార్చాలి. సొసైటీలో పేరు లేకుండా చెట్టెక్కేవాడి సంగతేమిటి?

కులదైవం పేరు పెట్టడంతో మాకు పేచీ లేదు. పేచీ అల్లా, ప్రాణరక్షణ కార్మికుడి హక్కుగా కాక కులానికిచ్చే కానుకగా రావడంతోనే. కులం శ్రామికులనే విడగొడుతుందని అంబేద్కర్ 1936లోనే తేల్చాడు. మాదిగవాడ, మాలవాడల నుంచి నిజామాబాద్, బోధన్ బిల్డింగుల మీదికి పోయేవాళ్లకు ఏ దేవుని పేరున కిట్టు వస్తది? భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. 1998 కేంద్ర నియమాలు సేఫ్టీ బెల్టులు, వలలు రాసిపెట్టాయి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. మూడో అంతస్తు సెంట్రింగ్ కర్ర మాత్రం అదే.

మేమూ తక్కువేం కాదు. కల్లు సంస్కృతి మీద పేజీలు నింపే పరిశోధకులం, పడిపోయిన మనిషి నడుము గురించి ఒక్క పేరా రాయలేదు.

మా చిన్నాయన దుబాయ్‌లో బిల్డింగ్ పనిచేసి వచ్చిండు. అక్కడ బెల్టు లేకుంటే పైకి ఎక్కనియ్యరట. వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకున్నడు. ఇక్కడ పనికి కట్టుకపోతే మేస్త్రీ నవ్విండు: “గది తొడిగేసరికి అర్ధపూట పాయె.” మరునాటి నుంచి చిన్నాయన దాన్ని ఇంట్లనే పెట్టి పోతున్నడు.