పనస మాగే వేళ

వేసవి మజిలీలో మొదటి నెల చెరకు కొస అయితే, చివరి నాలుగు రోజులు చెరకు మొదలు. తీపంతా అక్కడే ఊరుతుంది. పలాస–కాశీబుగ్గ జంట పట్టణంలో ఏటా నాకు ఇదే అనుభవం. మే నెలలో దిగినప్పుడు ఉక్క, దుమ్ము, లారీల మోత. జూన్‌లో బడులు తెరుస్తారనగా, పెట్టె సర్దుకునే వేళకి, అదే ఊరు అంత అందాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుందో!

మన ఆలంకారికులు గడుసువాళ్లు. ఎనిమిది మంది నాయికలు చాలక, భానుదత్తుడు రసమంజరిలో తొమ్మిదో ఆమెను చేర్చాడు. ఆమె ప్రవత్స్యత్పతిక. ప్రియుడు ఇంకా ఎదుటే ఉన్నాడు, రేపు వెళతాడు. చేయి చేతిలో ఉండగానే విరహం మొదలైంది. ఆ నాయికను ఊరి రూపంలో చూడాలనుంటే ఈ నాలుగు రోజులూ నాతో రండి. వసారా మూల మా అత్త ఓ పనసకాయ దించి పెట్టింది. నేను రైలెక్కేలోగా అది మాగాలి. అదే మన గడియారం.

మొదటి ఉదయం కాశీబుగ్గ వీధిలో ముందు పలకరించేది జీడిపిక్కల వాసన. కాస్త ఘాటు, కాస్త కమ్మదనం, గొంతులో సన్నటి జీర. తోటల్లో పండ్ల సందడి అణిగి, వేసవంతా ఇప్పుడు బస్తాలకెక్కింది. ఓ ఫ్యాక్టరీ వాకిట ఆడవాళ్లు వరసగా కూర్చుని పప్పు ఒలుస్తున్నారు. ఎర్రటి పలచని పొర మీద ఒకామె బొటనవేలు అలా జారింది, అంతే. లోపల్నుంచి దంతపు రంగు నెలవంక! అంచు చెదరలేదు, గీత పడలేదు. గుండ్లు ఒక బుట్టలోకి, బద్దలు మరో బుట్టలోకి. చూపు ఎటో ఉంది, మాట పక్కనామెతో ఉంది, వేళ్లు మాత్రం తప్పవు. వీణ మీద ఆరితేరిన చేతులకే ఇంత పరధ్యానం చెల్లుతుంది!

రెండో రోజు వజ్రపుకొత్తూరు దారి పట్టాను. ఈ తోటల సీమ పేరు ఉద్దానం; ఉద్యానమనే మాటే నోళ్లలో నలిగి అలా అయిందంటారు. కొబ్బరి నీడలో జీడిమామిడి, దాని పక్కన పనస, సందు దొరికిన చోట మునగ. ఒక్క ఆకుపచ్చలోనే ఎన్ని స్థాయిలు, ఎన్ని గమకాలు! 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలకు పరిచేసింది. ఆ రాత్రిని దాటిన కొబ్బరిచెట్టొకటి నన్ను ఆపేసింది. సగందాకా నేలకొరిగి, అక్కడ మెడ తిప్పి, నిట్టనిలువునా ఆకాశంలోకి లేచింది. తుపాను వంచిన నడుము, వెలుతురు ఎత్తిన తల! ఆ వంపులో ఇద్దరు గుంటలు కూర్చుని ముంజెలు జుర్రుకుంటున్నారు. ఉద్దానమనగానే కిడ్నీ జబ్బు గుర్తొచ్చే రోజులివి. ఆ దిగులు ఇక్కడ ఎన్నో ఇళ్లలో ఉంది, ఈ నీడల్లోనే మనతో పాటు కూర్చుంటుంది.

ఇంటికొచ్చేసరికి పనస వాసన మూల దాటి వసారా అంతా పరుచుకుంది.

మూడో రోజు టెక్కలి వైపు. తేలినీలాపురం చెట్లు బోసిగా ఉన్నాయి. శీతాకాలంలో వచ్చి గూళ్లు కట్టి, పిల్లల్ని లేపిన గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఎప్పుడో ఎగిరిపోయాయి. పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు వాటిని ఊళ్లో. కొమ్మల్లో ఊగే నాలుగు పుల్లలు చూస్తే, ఉయ్యాల విప్పిన దూలం గుర్తొచ్చింది. సాయంత్రం నౌపడ ఉప్పు మడుల గట్టున నిలబడ్డాను. వాన పడేలోగా ఆఖరి ఉప్పును కుప్పలు చేస్తున్నారు. మడిలో వేలెడు నీరు, నీటిలో మబ్బు, మబ్బును ఆనుకుని ఉప్పు కుప్ప. ఏది ఉప్పో, ఏది ఆకాశమో! ఒక్క గట్టి వాన చాలు, ఈ తెలుపంతా కరిగిపోతుంది. అందుకే కాబోలు, ఎంతసేపటికీ కాలు కదలలేదు.

నాలుగో పొద్దున్న వాసన వీధిలోకి నడిచింది.

"ఇంక ఆగదు నాయినా, ఈ పూటే కోసీదాం" అంటూ అత్త కత్తిపీటకి నూనె రాసింది. ముళ్ల తోలు విచ్చుకుంది. తెల్లటి పీచు పొరల మధ్య, పసుపు ముద్దల్లా, దీపాల వరసలా తొనలు! కొరికితే ముందు నార బిగువు, తర్వాత తేనె, ఆ తర్వాత ముక్కు వెనకెక్కడో సంపెంగ. ఆహా, ఇన్నాళ్లూ ఈ ఊరు నాకు చెప్పదలచిందంతా ఈ ఒక్క తొనలోకి దించిందా! అత్త తినలేదు. నేను తినడం చూస్తూ కూర్చుంది. పిక్కలు కడిగి, ఆరబెట్టి, పొట్లం కట్టి సంచిలో పెట్టింది. "పులుసులో ఏసుకో" అంది. ఇంకేమీ అనలేదు.

పలాస స్టేషన్లో హౌరా లైను మీద బళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఉత్తరాన మహేంద్రగిరి మీద మబ్బు కూర్చుంది. పక్క బెంచీ మీద ఎవరో ఫోనులో అంటున్నారు, "తేలుకుంచి ఊరికి వానాకాలం కొంగలొచ్చీసినాయట. అయితే వాన దగ్గర్లోనే ఉన్నాదన్నమాట."

రైలు కదిలింది. వేళ్లు వాసన చూసుకున్నాను. కొబ్బరినూనె, పనస జిగురు. ఎంత కడిగినా పోలేదు.