చీకటి గుడికి ఏ కెమెరా?

కాంపాక్ట్ కెమెరా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చేసే మెగాపిక్సెళ్లు చీకట్లో అక్కరకు రావు. వెలుతురు తగ్గినచోట ఫోటో బాగోగులు తేల్చేవి రెండు: సెన్సార్ వైశాల్యం, లెన్స్ లోపలికి రానిచ్చే వెలుగు.

చవక కాంపాక్ట్‌లో సెన్సార్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 వెడల్పు, అంటే 28 చదరపు మిల్లీమీటర్లు. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100లో అది 116. నాలుగింతల చోటు, నాలుగింతల వెలుగు. నీడల్లో గింజల్లాంటి మచ్చలు తగ్గుతాయి.

లెన్స్ లెక్క వర్గాల్లో నడుస్తుంది. ఎఫ్/3.5 నుంచి ఎఫ్/1.8కి వస్తే వెలుగు దాదాపు నాలుగింతలు. సెకనులో పదిహేనో వంతు పట్టే ఫోటో అరవయ్యో వంతులో అయిపోతుంది. అయితే జూమ్ ఈ లాభాన్ని మింగేస్తుంది. అదే ఆర్‌ఎక్స్100 లెన్స్ పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/4.9కి పడిపోతుంది, వచ్చే వెలుగు ఎఫ్/1.8తో పోలిస్తే ఏడో వంతే. 2014లో వచ్చిన మూడో మోడల్ జూమ్ తగ్గించుకుని ఎఫ్/2.8 దగ్గర నిలిచింది. మంచి బేరమది.

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతరకు ఈ రెండు బలాలూ కావాలి. రాత్రివేళ "ఓ లింగా" అంటూ గట్టెక్కే జనం కెమెరా కోసం ఆగరు. కోదాడ, మిర్యాలగూడ ఫంక్షన్ హాళ్లలో పెళ్లివారూ అంతే. చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా, కదిలే మనిషి పదిహేనో వంతు సెకనులో అలుక్కుపోతాడు.

సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు గుళ్లు చూస్తే, ఇంతకన్నా చీకటి చోటు కనుక ఖరీదైన కెమెరాయే కావాలనిపిస్తుంది. అక్కర్లేదు. 1208 నాటి ఎరకేశ్వరాలయంలో నునుపు తేలిన నల్లరాతి స్తంభాలు కదలవు. చేతిలో ఐఎస్‌ఓ 1600 దగ్గర పదిహేనో వంతు సెకను అడిగే దృశ్యం, ఐఎస్‌ఓ 100 దగ్గర ఒక్క సెకను అడుగుతుంది. కెమెరాను కదలనిచోట ఆనించి, ఫ్లాష్ ఆపి, టైమర్ పెడితే చాలు. నున్నటి రాయి మీద ఫ్లాష్ తెల్లటి మచ్చగానే పడుతుంది. పైగా చిన్న సెన్సార్‌లో ముందు స్తంభం నుంచి వెనక గోడ దాకా అన్నీ ఫోకస్‌లో ఉంటాయి. పెద్ద సెన్సార్ మీద లెన్స్ బార్లా తెరిస్తే అది కుదరదు.

మనుషుల కోసం కొనేవారు లెన్స్ మీది రెండో ఎఫ్ అంకె, అంటే పూర్తి జూమ్ దగ్గరిది, చూసి కొనాలి. శిల్పాల కోసమైతే ఇంట్లో ఉన్న కెమెరాకు చిన్న ట్రైపాడ్ కొనుక్కోండి.