సముద్రం లేని ఊళ్లో ఉప్పునీటి తొట్టి

కరీంనగర్ లాంటి ఊళ్లో ఉప్పునీటి చేపల తొట్టి అమర్చేవాళ్ల పనితనం తొట్టిలో అలంకరణకు వేసే గుల్లలు కడగడంలోనే తెలుస్తుంది. గుల్ల సుడిలో మాంసం రవ్వంత మిగిలినా, అది నీళ్లలో కుళ్లి అమోనియాగా మారి చేపల ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే రోజుల తరబడి నానబెట్టి, నీళ్లు మార్చి, బ్రష్‌తో రుద్ది, వాసన పోయేదాకా ఎండబెట్టాలి. అద్దాలు అతికించడానికి కూడా ఇంత ఓపిక అక్కర్లేదు. పగడపు రాయి లేకుంటే తొట్టికి అందమేదని కొందరంటారు. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఏరుకొస్తే నేరం. దాని బదులు పెట్టుకోదగ్గ ఆదిలాబాద్ పెన్‌గంగ సున్నపురాయి కూడా ఒకనాటి సముద్రపు అడుగే, గుల్లల్లాగే ప్రధానంగా కాల్షియం కార్బనేటే. అది గట్టి రాయి, మేలు చేసే బాక్టీరియా నిలిచే రంధ్రాలు తక్కువ అన్నది నిజమే. ఆ కొరతను ఫిల్టర్‌లో వేసే పింగాణీ ముక్కలు చాలావరకు తీరుస్తాయి.