రెన్వార్ మోచేయి

1915లో సాషా గిత్రీ తీసిన మూగ చిత్రంలో ఒక బక్కచిక్కిన ముసలాయన కుర్చీలో కూర్చుని బొమ్మ వేస్తుంటాడు. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి కొంకర్లు తిరిగాయి. పక్కన చిన్నకొడుకు క్లోడ్. ఎవరైనా మొదట చూసేది ఆ వేళ్లనే. రెండోసారి చూస్తే నా కళ్లు మోచేతి దగ్గర ఆగాయి. పనంతా అక్కడుంది.

ఆ ముసలాయన చిత్రకారుడు ఒగుస్త్ రెన్వార్. ఆయనకు కీళ్లవాతం యాభయ్యో పడిలో పట్టుకుంది. 1919లో, 78వ ఏట పోయేదాకా వదల్లేదు. కుంచెను చేతికి కట్టించుకునేవాడని ఒక కథ ఉంది. కథ బాగుంది గానీ నిజం కాదు. ఆ గుడ్డ పట్టీలు చర్మం ఒరుసుకుపోకుండా చుట్టినవి. కుంచెను వేళ్ల మధ్య ఎవరో ఒకరు పెట్టాలి, అంతే. పట్టు ఆయనదే. మాటిమాటికీ కుంచె మార్చడం కష్టం కాబట్టి ఉన్నదాన్నే టర్పెంటైన్‌లో జాడించుకుని మరో రంగులో ముంచేవాడు. పెద్ద కాన్వాసయితే ఆయన చెయ్యి అంతదూరం అందేది కాదు. అందుకని దాన్ని రోలర్లకు బిగించి, కావలసిన ముక్కను ఆయన ముందుకు తిప్పేవారు.

కొడుకు జ్యాఁ తండ్రి గురించి రాసిన పుస్తకంలో ఒక సంగతి ఉంది. ఒక వైద్యుడు పట్టుబట్టి ఆయన్ని లేపి నిలబెట్టాడు. రెన్వార్ ఈజిల్ చుట్టూ నాలుగడుగులు వేసి, తిరిగి కుర్చీలో కూర్చుని, ఇక చాలన్నాడు. నడకకే సత్తువంతా పోతే బొమ్మకేం మిగులుతుందని ఆయన లెక్క. మళ్లీ నడవలేదు. ఇంట్లోవాళ్లకు ఆ మాట ఎలా తగిలి ఉంటుందో!

ఆ లెక్క ఎటు పోయిందో చూడాలంటే పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్న ‘స్నానకాంతలు’ చూడాలి. 1918–19లో వేసింది, 110 సెంటీమీటర్ల ఎత్తు, 160 వెడల్పు. ముందు ఇద్దరు స్త్రీలు పచ్చికలో వాలి ఉన్నారు, వెనక మరికొందరు. ఎక్కడా గట్టి గీత లేదు. వేళ్లతో తిప్పే సన్నటి పనితనం జోలికే పోలేదు. పల్చటి రంగు, ఒంటి వంపు వెంట వాలుగా జారిన పొడుగాటి కుంచె విసుర్లు. చెయ్యి ఏం చెయ్యగలదో అదే శైలి అయింది. ఒంటి ఎరుపు గడ్డిలోకి దిగింది, గడ్డి పచ్చ తొడల నీడలోకి పాకింది.

ఈ చివరి బొమ్మల్లోని లావుపాటి ఎర్రటి ఆడవాళ్లను చూసి తోటి చిత్రకారిణి మేరీ కసాట్ మూతి విరిచింది. తల చిన్నది, ఒళ్లు పెద్దదన్న ఆవిడ మాటలో అబద్ధం లేదు. నాకూ కొన్ని నచ్చవు. కానీ ఈ ‘స్నానకాంతలు’లో ముందు వాలిన ఆమె భుజం చూడండి. గులాబీ మీద పసుపు, దాని మీద తడి ఆరకుండానే మళ్లీ గులాబీ. దేన్నీ దిద్దినట్టు కనబడదు.