కోడూ వివరణా ఒకే కడియంలో

పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న బాహూరులో దొరికిన పల్లవుల రాగిశాసనాన్ని చరిత్ర చదివేవాళ్ళు ఎరుగుదురు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా దాన్ని నింపాదిగా చూడాలని నా కోరిక. సోర్సు కోడుకు రాసిన వివరణను ఎక్కడ ఉంచాలని ప్రతి టీములోనూ వాదన నడుస్తుంది. దానికి ఇంత శ్రద్ధగా చేసిపెట్టిన జవాబు నాకు అరుదుగా కనిపించింది.

9వ శతాబ్దపు సంగతి. పల్లవ రాజు నృపతుంగవర్మ ఏలుబడిలో 8వ ఏట, నిలైతాంగి అనే సామంతుడు కోరగా, బాహూరు విద్యాస్థానానికి మూడు ఊళ్ళు దక్కాయి: చెట్టుప్పాక్కం, విళంగాట్టంగడువనూరు, ఇరైప్పునైచ్చేరి. ఆ ఊళ్ళ రాబడి మీద చదువు సాగాలి. ఈ ఏర్పాటంతా ఐదు రాగిరేకుల మీదికి ఎక్కింది.

ముందు సంస్కృత శ్లోకాలు వస్తాయి. రాజవంశం ఏది, దాత ఎవరు, ఎందుకిస్తున్నాడు అన్నది అందులో ఉంటుంది. ఆ వెనక తమిళ వచనం. ఏ ఊరు, ఎల్ల ఎక్కడ, అనుభవించే హక్కులేమిటి అన్నది దీని వంతు. ఉద్దేశం ఏ దేశపు పండితుడైనా చదువుకోగల భాషలో ఉంది. ఎల్ల దగ్గర తగవొస్తే తీర్చాల్సిన ప్రాంతపు పెద్దలైన నాట్టార్లకు కావలసింది వాళ్ళ వాడుక భాషలోనే ఉంది. ఏ మాట ఎవరు చదువుతారో ముందే ఆలోచించి పెట్టిన అమరిక ఇది. ఒక ఫంక్షన్ ఎందుకు పుట్టిందో, దానికి ఏ విలువలు ఇవ్వవచ్చో కలగాపులగంగా రాసిన వివరణలు చదివి విసిగినవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది.

ఇక కడియం. రాగిశాసనాల రేకులకు బెజ్జం వేసి, కడియం దూర్చి, దాని కొనలను రాజముద్ర కింద అతికేవారు. ముద్ర చెడకుండా రేకు తీయడం, కొత్త రేకు చేర్చడం కుదరదు. ఉద్దేశమూ ఎల్లలూ ఎప్పటికీ ఒకచోటే. గిట్ రిపాజిటరీలో కోడుతోపాటు వివరణను పెట్టి, రెంటినీ ఒకే కమిట్‌లో మార్చినప్పుడు జరిగేది అదే. ఫలానా వెర్షన్‌కు ఫలానా వివరణ అన్నది మరి విడిపోదు. లినక్స్ కెర్నల్‌లో డాక్యుమెంటేషన్ ఫోల్డర్ సోర్సు చెట్టులోనే ఉండడం నాకు అందుకే నచ్చుతుంది. డోనాల్డ్ నూత్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. అచ్చుకూర్పు చేసే తన టెక్ ప్రోగ్రామును వెబ్ అనే సొంత పద్ధతిలో రాసి, ఒకే ఫైలు నుంచి వీవ్‌తో చదువుకునే పుస్తకాన్నీ, టాంగిల్‌తో యంత్రానికిచ్చే పాస్కల్ కోడునూ తీశాడు. ఆ పుస్తకం 1986లో అచ్చయింది. అంత ఓపిక అందరికీ ఉండదు గాని, ఒకే రిపాజిటరీ అందరికీ సాధ్యమే.

ఆ రోజుల్లో రాజాజ్ఞ తాటాకు మీద వచ్చేది. నాట్టార్లు దాన్ని తలదాల్చి, ఎల్లలు తిరిగి, రాళ్ళు పాతి, జెముడు నాటేవారు. పల్లవుల రాజధాని కంచి ఆస్థానపు తాటాకులు మనదాకా రాలేదు. దానం పొందిన ఊళ్ళో ఉన్న రాగి వచ్చింది. కోడుకు దూరంగా వేరే సర్వర్లో పెట్టిన వికీ కంచి తాటాకు లాంటిదే. ఎల్లరాయి పాత్ర, కోడు వరుస పక్కనే రాసిన కామెంటుది.

దగ్గరగా ఉంచితే ఒక ఇబ్బంది ఉంది: కట్టడం కూలిస్తే రాతా పోతుంది. దానికీ పాతవాళ్ళు దారి వేశారు. తిరుమళపాడి ఆలయాన్ని విప్పి కట్టాలన్నప్పుడు, గోడల మీది శాసనాలన్నీ ముందు పుస్తకంలోకి ఎక్కించమని చోళ రాజు మొదటి రాజరాజు ఆజ్ఞాపించాడు. అతని కొడుకు రాజేంద్రుడి కాలంలో అవి మళ్ళీ కొత్త గోడలకెక్కాయి. కూల్చే ఆజ్ఞతోపాటే నకలు ఆజ్ఞ రావడం నాకు గొప్పగా తోస్తుంది. పాత మాడ్యూల్ తీసేసే మార్పును సమీక్షించేవాళ్ళు, అందులోని కామెంట్లు ఎక్కడికి చేరాయని అడగడం ఇలాంటి పనే.

అన్నీ కోడు పక్కనే ఉండాలని కాదు. రాత్రివేళ సర్వర్ పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలిపే పట్టిక కోడుతో నిమిత్తం లేకుండా వారం వారం మారుతుంది. రిపాజిటరీ తెరుచుకోని వేళ కూడా అది అందాలి. దాని చోటు వేరు.